చల్లటి ప్లాస్మాలో నానో కణాలు: అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

హైదరాబాద్‌లో మా ల్యాబ్‌కి ప్రాజెక్టుల కోసం వచ్చే ఎమ్మెస్సీ, బీటెక్ పిల్లలు, పొడి కావాలని వచ్చే కెమిస్ట్రీ వాళ్ళు, అప్పుడప్పుడూ ఫోన్ చేసే స్టార్టప్ వాళ్ళు... అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. మా పని గ్యాస్‌ని ప్లాస్మాగా, అంటే కొన్ని అణువులు ఎలక్ట్రాన్లుగా, చార్జి ఉన్న అయాన్లుగా విడిపోయిన స్థితికి తెచ్చి, అందులో నానో కణాల పొడి చేయడం. ప్రతిసారీ బోర్డు మీద గీసి చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాదు. తొందరలో ఉన్నవాళ్ళు కణాల మీద చార్జి గురించి రాసిన జవాబులు మాత్రం వదలకండి, మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ప్లాస్మా అంటే వేల డిగ్రీల వేడి కదా, అందులో పొడి కాలిపోకుండా ఎలా మిగులుతుంది?

ఇంట్లో వెలుగుతున్న పాత ట్యూబ్‌లైట్‌ని చేత్తో పట్టుకుని చూడండి, కాస్త వెచ్చగా ఉంటుంది అంతే. లోపల ఉన్నది ప్లాస్మాయే. అందులో ఎలక్ట్రాన్లు మాత్రమే వేడిగా ఉంటాయి, గ్యాస్ వేడిగా ఉండదు. మా చాంబర్‌లో ఎలక్ట్రాన్ల శక్తి సుమారు 2 నుంచి 4 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్క ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే దాదాపు 11,600 కెల్విన్లు కాబట్టి ఎలక్ట్రాన్ల వరకూ చూస్తే ముప్పై వేల డిగ్రీల మాటే. కానీ ఆర్గాన్ అణువు ఎలక్ట్రాన్ కన్నా 73,000 రెట్లు బరువు. అంత తేలికది వచ్చి గుద్దుకుంటే అంత బరువైన దానికి అందే శక్తి దాదాపు శూన్యం. పైగా పీడనం తక్కువ, గుద్దుకోవడాలూ తక్కువే. అందుకే గ్యాస్ గది ఉష్ణోగ్రత దగ్గరే ఉండిపోతుంది. మే నెలలో ఏసీ పనిచేయని రోజున చాంబర్ లోపలి గ్యాస్ కన్నా మనమే ఎక్కువ ఉడికిపోతాం.

ఇంకొకటి, ఇందులో అయాన్లుగా మారేది చాలా కొద్ది భాగం. 0.1 మిల్లీబార్ దగ్గర ఘన సెంటీమీటరుకి గ్యాస్ అణువులు ఇరవై కోట్ల కోట్లకు పైనే ఉంటాయి, ఎలక్ట్రాన్లు వంద కోట్ల నుంచి వెయ్యి కోట్ల దాకా ఉంటాయి. అంటే ఏ పది లక్షల్లోనో ఒకటీ రెండూ అన్నమాట, ఎక్కువంటే నాలుగు. మిగతాదంతా మామూలు గ్యాసే.

ఏ గ్యాస్ వాడతారు?

ఎక్కువ భాగం ఆర్గాన్. అందులో పొడిగా మారే గ్యాస్ కొద్దిగా కలుపుతాం. సిలికాన్ కావాలంటే సైలేన్ (సిలికాన్, హైడ్రోజన్ కలిసిన వాయువు), కార్బన్ కావాలంటే ఎసిటిలీన్. సైలేన్ అనుమతులు, దాని భద్రతా ఏర్పాట్లు లేని ల్యాబ్‌లు హెక్సామిథైల్‌డైసైలోక్సేన్ అనే ద్రవం ఆవిరితో పని నడిపిస్తాయి. దానితోనూ నానో కణాలు బ్రహ్మాండంగా వస్తాయి, కాకపోతే అందులో సిలికాన్‌తో పాటు ఆక్సిజన్, కార్బన్ కూడా ఉంటాయి. ఈ గ్యాస్ మిశ్రమాన్ని రెండు పళ్ళాల (ఎలక్ట్రోడ్ల) మధ్య 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పవర్‌తో వెలిగిస్తాం. ఆ సంఖ్యలో మాయేమీ లేదు. రేడియో ప్రసారాలకు అడ్డు రాకుండా పరిశ్రమలకు వదిలిన ఫ్రీక్వెన్సీ అది.

మొట్టమొదటి కణం ఎక్కడి నుంచి వస్తుంది? దుమ్ము ముందే ఉండాలా?

అక్కర్లేదు. చాంబర్ ఎంత శుభ్రంగా ఉన్నా పుడతాయి. సైలేన్ సంగతి చూద్దాం. ఎలక్ట్రాన్ తగిలి సైలేన్ అణువు ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో కొన్ని ఎలక్ట్రాన్‌ని పట్టుకుని నెగటివ్ అయాన్లవుతాయి. ఆ నెగటివ్ అయాన్ పక్కనున్న ఇంకో సైలేన్‌తో కలిసి హైడ్రోజన్‌ని వదిలేస్తుంది. ఇప్పుడు అందులో రెండు సిలికాన్లున్నాయి. మళ్ళీ ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. ఇలా గొలుసులా పెరుగుతూ పోయి కొన్ని పదుల సిలికాన్లు చేరేసరికి అది అణువా కణమా అని చెప్పడం కష్టమైపోతుంది.

ఎసిటిలీన్‌లోనూ ఇదే తంతు. రెండు కార్బన్ల నెగటివ్ అయాన్‌తో మొదలై ప్రతి అడుగుకీ రెండు కార్బన్లు జతవుతాయి. అందుకే ఎసిటిలీన్ ప్లాస్మా వెలిగించగానే పొడి మొదలవుతుంది. అదే మీథేన్ వేస్తే మొండికేస్తుంది, ముందు అది ఎసిటిలీన్ లాంటి వాటిగా మారాలి కదా, అంతసేపూ ఏమీ జరగనట్టే ఉంటుంది. మీథేన్‌తో మొదలుపెట్టి "అక్కా, పొడి రావట్లేదు" అని వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పవర్ కాస్త పెంచి ఓపిక పట్టండి, లేదా మొదట్లో కాసేపు ఎసిటిలీన్ వదలండి.

నెగటివ్ అయాన్లే ఎందుకు? పాజిటివ్ అయాన్లు, చార్జి లేని ముక్కలు పెరగవా?

రసాయనం వరకూ అయితే అవీ పెరగగలవు. వాటికి లేనిది సమయం.

ఎలక్ట్రాన్లు చురుకైనవి, గోడలకి ముందు అవే పరిగెడతాయి. దాంతో ప్లాస్మా మధ్యభాగం గోడల కన్నా పాజిటివ్‌గా మిగులుతుంది. అక్కడి నుంచి పాజిటివ్ అయాన్‌ని ఎలక్ట్రిక్ ఫీల్డ్ గోడ వైపు తోసేస్తుంది. చార్జి లేని ముక్క తిరుగుతూ తిరుగుతూ కొన్ని మిల్లీసెకండ్లలో గోడకి తగిలి అక్కడే పొరగా అంటుకుపోతుంది. సోలార్ సెల్ వాళ్ళకి కావలసింది ఆ పొరే. నెగటివ్ అయాన్‌ని మాత్రం అదే ఫీల్డ్ వెనక్కి, మధ్యలోకి నెడుతుంది. అది బయటికి పోలేదు. పోలేదు కాబట్టి పెరుగుతూనే ఉంటుంది.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. ప్లాస్మా వెలుగుతున్నప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్ (అయాన్ల బరువు తూచే పరికరం) పెట్టి చూస్తే నెగటివ్ అయాన్ ఒక్కటీ కనపడదు. పవర్‌ని పల్సుల్లో ఇచ్చి, ఆరిన ఆ చిన్న సందులో చూస్తే బరువైన నెగటివ్ అయాన్లు వరసకట్టి బయటికొస్తాయి. పాజిటివ్ అయాన్లు మాత్రం ఎప్పుడు చూసినా చిన్నవే.

నెగటివ్, నెగటివ్ వికర్షించుకుంటాయి కదా! మరి కణాలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయి?

అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇది. వైవాలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే వాళ్ళకి విషయం తెలుసని అర్థం.

ముందు లెక్క చూద్దాం. 2 నానోమీటర్ల వ్యాసం ఉన్న కణాలు రెండు, ఒక్కోదాని మీద ఒక్క ఎలక్ట్రాన్. అవి తాకాలంటే దాటాల్సిన వికర్షణ అడ్డుగోడ దాదాపు 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రతలో వాటికి ఉన్న శక్తి 0.026. అంటే గోడ ఎత్తు వాటి శక్తికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది రెట్లు. రెండు నెగటివ్‌లు కలవడం అనేది జరగని పని.

అయినా ప్రయోగంలో ఏం కనిపిస్తుందంటే, 2 నానోమీటర్ల కణాల సంఖ్య ఘన సెంటీమీటరుకి వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా పెరిగి, ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. కొద్ది సెకండ్లలో కణాలు వందో వంతో, అంతకన్నా తక్కువో మిగులుతాయి, ఒక్కొక్కటీ మాత్రం 50 నానోమీటర్ల దాకా లావెక్కుతుంది. కేవలం గుద్దుకుని అతుక్కోవడంతోనే అంత సైజు రావాలంటే 2 నానోమీటర్ల కణాలు 15,625 కలవాలి. దీన్ని 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్‌లో బూఫెందీ, బూషూల్ సైలేన్, ఆర్గాన్ ప్లాస్మాలో శ్రద్ధగా కొలిచారు. ఇప్పటికీ మనం చెప్పుకునే మూడు దశల (పుట్టడం, ఒకదానికొకటి అతుక్కోవడం, పైన పొర పడి పెరగడం) కథకి వాళ్ళ కొలతలే ఆధారం.

మరి ఎలా? మొదటి సంగతి, ఎలక్ట్రాన్లు చాలవు. ఎలక్ట్రాన్లు వెయ్యి కోట్లు, కణాలు అంతకన్నా ఎక్కువ. అందరికీ తలా ఒకటి కూడా రాదు. రెండో సంగతి, అంత చిన్న కణం మీద చార్జి నిలకడగా ఉండదు. ఒక ఎలక్ట్రాన్ వచ్చి నెగటివ్ అవుతుంది, వెంటనే ఒక పాజిటివ్ అయాన్ వచ్చి తటస్థం చేస్తుంది, ఇంకో అయాన్ వస్తే కాసేపు పాజిటివ్ కూడా అవుతుంది. ప్లాస్మా నుంచే వచ్చే అల్ట్రావయొలెట్ వెలుగు కొన్ని ఎలక్ట్రాన్లని ఊడగొడుతుంది. కాబట్టి ఏ క్షణంలో చూసినా గుంపులో కొన్ని నెగటివ్, చాలా భాగం తటస్థం, కొద్దిగా పాజిటివ్. తటస్థంగా ఉన్నది నెగటివ్ దాని దగ్గరికి వస్తే వికర్షణ ఉండదు సరికదా, చార్జి ఉన్నది తటస్థ కణాన్ని ధ్రువీకరించి కొంచెం లాక్కుంటుంది కూడా. పాజిటివ్, నెగటివ్ ఎదురుపడితే ఇంక చెప్పేదేముంది.

ఈ కలయిక ఎప్పుడు ఆగుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. కణాలు లావై, సంఖ్య తగ్గి, ఒక్కోదానికి సరిపడా ఎలక్ట్రాన్లు దొరికిన రోజున. అప్పుడు ప్రతి కణం మీదా శాశ్వతంగా నెగటివ్ చార్జి నిలుస్తుంది, ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. లెక్క ప్రకారం 10 నానోమీటర్ల కణం మీద పాతిక ఎలక్ట్రాన్ల దాకా, 100 నానోమీటర్ల దాని మీద రెండు వందలకు పైన నిలవగలవు. చుట్టూ దుమ్ము మరీ దట్టంగా ఉంటే ఇంకా తక్కువ.

ఆ తర్వాత పెరగడం ఆగిపోతుందా?

ఆగదు. కణాలు కణాలతో కలవడం ఆగుతుంది కానీ, గ్యాస్‌లో తిరిగే ముక్కలు గోడ మీద పేరుకున్నట్టే కణం మీదా పేరుకుంటాయి. ఇది నింపాదిగా నడిచే దశ, వ్యాసార్థం సెకండుకి ఇంత అని ఒకే వేగంతో పెరుగుతుంది. కణం ఎంతున్నా అదే వేగం.

కెమిస్ట్రీ వాళ్ళు "సైజు అంత సమానంగా ఎలా వచ్చింది, మాకు ఫ్లాస్కులో రాదు" అంటుంటారు. కారణం ఇదే. అన్నీ దాదాపు ఒకే సమయంలో పుట్టాయి, చార్జి వాటిని విడివిడిగా ఉంచింది, అన్నిటి మీదా ఒకే మందం పొర పడింది. మొదట్లో 20, 24 నానోమీటర్లుగా ఉన్న రెండు కణాల మీద 40 నానోమీటర్ల చొప్పున పొర పడితే 100, 104 అవుతాయి. తేడా అంతే ఉంది కానీ శాతంలో చూస్తే చిన్నబోయింది.

ఒక్క మాట. వ్యాసం 50 నానోమీటర్లు చేరేసరికి సిలికాన్ కణంలో అణువులు 33 లక్షలు. 2 నానోమీటర్లప్పుడు 210. సైజు పట్టికలో అంకె మారితే పదార్థం ఎంత పెరిగిందో ఊహ ఉండాలని చెబుతున్నాను.

మనకి కావలసిన సైజు దగ్గర ఆపడం ఎలా?

సమయంతో. చాలామంది గ్యాస్ నిష్పత్తితో, పవర్‌తో కుస్తీ పడతారు. అవీ ముఖ్యమే, కానీ అసలు మీట కణం లోపల ఉండే సమయం. మూసిన చాంబర్ అయితే పవర్ ఎంతసేపు ఇచ్చారన్నది, గొట్టంలో గ్యాస్ పారే రియాక్టర్ అయితే ఫ్లో ఎంత, పీడనం ఎంత అన్నది. గొట్టంలో కొన్ని మిల్లీసెకండ్లలోనే 3, 4 నానోమీటర్ల సిలికాన్ తయారై బయటికి వచ్చేస్తుంది. అయితే గ్యాస్ వేగం లెక్కగట్టి కణం కూడా అంతసేపే ఉంటుందనుకోకండి. నెగటివ్ కణాలు గొట్టంలోనూ కొంతసేపు చిక్కుకుని, ఒక సైజు దాటాకే ఫ్లో ఈడ్చుకుపోగా బయటపడతాయని ఈమధ్య కొలతల్లో తేలింది.

గ్యాస్‌ని వేడి చేస్తే కణాలు పుట్టడం బాగా ఆలస్యమవుతుంది. సోలార్ సెల్ పొరలు వేసేవాళ్ళు పొడి వద్దనుకున్నప్పుడు వాడే ఉపాయాల్లో ఇది ఒకటి. ఇంకోటి పవర్‌ని పల్సులుగా ఇవ్వడం. ఆరినప్పుడల్లా నెగటివ్ అయాన్లు జారిపోతాయి, గొలుసు తెగుతుంది.

లోపల కణాలు పుట్టాయని బయటినుంచి ఎలా తెలుస్తుంది?

కంటికి కనిపించే ముందే మీటర్లు చెబుతాయి. కణాలు ఎలక్ట్రాన్లని మింగేయడంతో ప్లాస్మాకి కరెంట్ మోయడం కష్టమవుతుంది. మిగిలిన కొద్ది ఎలక్ట్రాన్లూ ఎక్కువ వేడెక్కుతాయి. పవర్ మీటర్ దగ్గర నిలబడితే ఇది కళ్ళముందే జరుగుతుంది: సెల్ఫ్ బయాస్ వోల్టేజీ (ఎలక్ట్రోడ్ మీద తనంతట తనే ఏర్పడే డీసీ వోల్టేజీ) నిలకడగా ఉన్నది కాస్తా మెల్లగా జారడం మొదలుపెడుతుంది, మ్యాచింగ్ బాక్స్ (పవర్ వెనక్కి తిరిగి రాకుండా సర్దే పెట్టె) లోపల కెపాసిటర్ మోటారు "కిర్ కిర్" మంటూ కొత్త స్థానం వెతుక్కుంటుంది, అదే సమయంలో కిటికీలోంచి చూస్తే అంచుల్లోనే ఎక్కువగా ఉన్న వెలుగు మధ్యభాగమంతా నిండి మరింత ప్రకాశంగా అవుతుంది. ఆర్‌ఎఫ్ కరెంట్‌లో మూడో హార్మోనిక్‌ని (అసలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లున్న భాగాన్ని) గమనిస్తే ఇంకా ముందే పట్టేయొచ్చు.

లేజర్ తర్వాత మాట. ఆకుపచ్చ లేజర్‌ని పల్చటి తెరలా లోపలికి పంపితే పొగలాంటి మబ్బు మెరుస్తుంది, చూడటానికి చాలా బాగుంటుంది. కానీ చిన్న కణం వెదజల్లే వెలుగు దాని వ్యాసం ఆరో ఘాతంతో మారుతుంది. సైజు సగమైతే వెలుగు 64వ వంతు. కాబట్టి లేజర్‌లో కనపడలేదంటే కణాలు లేవని కాదు, 2 నానోమీటర్లవి కోట్లలో ఉన్నా మీ కెమెరాకి ఆనవు.

చివరికి సైజు ఎంత అని ఖాయంగా చెప్పేది టీఈఎం (ఎలక్ట్రాన్లతో చూసే మైక్రోస్కోప్). దానికి టైం దొరకడమే గగనం. నగరంలో ఆ మెషీన్లు ఉన్న సంస్థలు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోండి, శాంపిల్ గ్రిడ్ మీద పొడి మరీ దట్టంగా పడకుండా చూసుకోండి. దట్టంగా పడితే గుట్టలే కనిపిస్తాయి, ఒక్క కణం కూడా విడిగా కొలవలేరు.

గ్యాస్ చల్లగా ఉంటే సిలికాన్ స్ఫటికం ఎలా అవుతుంది? సిలికాన్ 1414 డిగ్రీల దగ్గర కదా కరిగేది?

అవును, అందుకే మొదట్లో చాలామంది నమ్మలేదు. గ్యాస్ చల్లనిదే, కణం మాత్రం కాదు.

కణం మీదకి ఒక ఆర్గాన్ అయాన్ వచ్చి అక్కడి ఎలక్ట్రాన్‌తో కలిసిపోతే దాదాపు 15.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదలవుతుంది. హైడ్రోజన్ అణువులు ఉపరితలం మీద జతకట్టినా వేడి పుడుతుంది. అగ్గిపుల్ల వేడి బిందెడు నీళ్ళకి లెక్కలోకి రాదు, చెంచాలో ఉన్న నాలుగు చుక్కల్ని మాత్రం సలసలా కాగిస్తుంది. ఇక్కడా అంతే. 210 అణువులున్న 2 నానోమీటర్ల కణానికి ఆ ఒక్క దెబ్బతో ఉష్ణోగ్రత 300 డిగ్రీల దాకా ఎగుస్తుంది. 4 నానోమీటర్ల కణంలో 1,700 అణువులుంటాయి, దానికి పెరిగేది 40 డిగ్రీల లోపే. చల్లారాలంటే చుట్టూ ఉన్న గ్యాస్ అణువులు వచ్చి వేడి పట్టుకెళ్ళాలి. పీడనం తక్కువ కాబట్టి అవి తీరిగ్గా వస్తాయి. ఈలోపు ఇంకో దెబ్బ. ఇలా కణం సగటున గ్యాస్ కన్నా కొన్ని వందల డిగ్రీలు పైన ఉంటుంది. పైగా నానో కణం స్ఫటికం కావడానికి పెద్ద ముక్కకి కావలసినంత వేడి అక్కర్లేదు.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కోర్ట్‌షాగెన్ బృందం 2005లో చేసి చూపించింది ఇదే: ఒక సన్నటి గాజు గొట్టం, చుట్టూ రింగు ఎలక్ట్రోడ్లు, లోపల ఆర్గాన్, సైలేన్, బయటికొచ్చేది 2 నుంచి 8 నానోమీటర్ల సిలికాన్ స్ఫటికాలు. 4 నానోమీటర్ల కన్నా చిన్నవి అల్ట్రావయొలెట్ కింద ఎర్రగా వెలుగుతాయి. మామూలు సిలికాన్ వెలుగునివ్వడంలో సోమరి కదా, సైజు తగ్గితే దాని గుణమే మారిపోతుంది. 2006కల్లా ఈ కణాలకి సరైన పైపూత వేసి 60 శాతానికి పైగా క్వాంటమ్ దిగుబడి (మింగిన ఫోటాన్లలో వెలుగుగా తిరిగొచ్చే వంతు) సాధించారు.

ఫ్లాస్కులో ద్రవంతో చేసే పద్ధతుల్లో సిలికాన్, జర్మేనియం లాంటివాటిని స్ఫటికం చేయడం కష్టం, అంత వేడికి ద్రావకాలు తట్టుకోవు. ప్లాస్మాలో ఆ ఇబ్బంది లేదు. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు బలం ఇదే. బంగారం, కాడ్మియం సెలినైడ్ లాంటివి కావాలంటే ఫ్లాస్కే నయం, అనవసరంగా వాక్యూమ్ పంపు కొనకండి.

కణాలు కింద పడిపోవా?

నానో సైజులో గురుత్వాకర్షణ లెక్కలోకే రాదు. 100 నానోమీటర్ల సిలికాన్ కణాన్ని దాని చార్జితో గాల్లో నిలపడానికి మీటరుకి అర వోల్టు ఫీల్డ్ చాలు. ఎలక్ట్రోడ్ దగ్గర ఉండే ఫీల్డ్ మీటరుకి వేల వోల్టులు. బరువు వ్యాసార్థం ఘనంతో పెరుగుతుంది, చార్జి వ్యాసార్థంతో మాత్రమే పెరుగుతుంది కాబట్టి మైక్రాన్ల సైజుకి వచ్చేసరికి బరువుదే పైచేయి అవుతుంది.

మధ్యలో ఇంకో బలం ఉంది. గోడల వైపు పారే పాజిటివ్ అయాన్లు దారిలో కణాలని కూడా తోసుకుంటూ పోతాయి. కణం ఒక సైజు దాటాక ఈ తోపుడు గెలుస్తుంది, మబ్బు మధ్యలో ఖాళీ గుంత ఏర్పడుతుంది. ఆ ఖాళీలో మళ్ళీ కొత్త కణాలు పుడతాయి, పాతవి అంచులకి పోతాయి. ఎసిటిలీన్ ప్లాస్మాలో ఇది నిమిషాల లెక్కన చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. అందుకే చాలాసేపు నడిపిన చాంబర్‌లోంచి తీసిన పొడిలో రెండు మూడు సైజులు కలిసి ఉంటాయి. ఒకే సైజు కావాలంటే మొదటి తరం దగ్గరే ఆపాలి.

పవర్ ఆపేస్తే?

ఎలక్ట్రాన్లు, అయాన్లు చిటికెలో మాయం. పట్టి ఉంచే ఫీల్డ్ ఉండదు. కణాలు కొద్దిగా మిగిలిన చార్జితో గ్యాస్ ఎటు పోతే అటు పోతాయి, కింద ఉన్నదాని మీద పడతాయి. కింద సిలికాన్ వేఫర్ (చిప్పులు చేసే పల్చటి బిళ్ళ) ఉంటే దాని పని అయినట్టే. మనకు పొడే కావాలి కాబట్టి పంపు లైనులో సన్నటి జాలీ పెట్టి పట్టుకుంటాం.

కరెంటు పోతే కూడా ఇదే జరుగుతుంది. వానాకాలం సాయంత్రాలు పొడవాటి రన్ పెట్టకండి, జెనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాలు చాలు తరాలు కలగాపులగం కావడానికి.

దీన్ని మొదట ఎవరు గమనించారు?

ప్లాస్మా అనే పేరు పెట్టిన లాంగ్‌మ్యూరే, 1924లో తన డిశ్చార్జి గొట్టంలో టంగ్‌స్టన్ తునకలు నెగటివ్ చార్జితో తిరగడం చూశాడు. తర్వాత చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1980ల చివర్లో చిప్ కంపెనీలకి తలనొప్పి మొదలైంది. గది ఎంత శుభ్రంగా ఉంచినా వేఫర్ల మీద దుమ్ము. ఐబీఎంలో గ్యారీ సెల్విన్ లేజర్ వేసి చూస్తే ఎచింగ్ (ప్లాస్మాతో పొరని చెక్కే పని) జరుగుతున్న వేఫర్ పైనే కణాలు ఉంగరంలా తేలుతూ కనిపించాయి. దుమ్ము బయటినుంచి రావడం లేదు, ప్లాస్మాయే తయారుచేస్తోంది!

మన దేశం వైపు నుంచి చెప్పాలంటే, దుమ్ము ఉన్న ప్లాస్మాలో కణాలే కదిలే అలలు ఉంటాయని 1990లో సిద్ధాంతం రాసిన ముగ్గురిలో ఎన్.ఎన్. రావు, పి.కె. శుక్లా భారతీయులు. 1995లో ఆ అలల్ని ప్రయోగంలో చూశారు. మామూలు వీడియో కెమెరాకే కనిపించేంత నిదానంగా నడిచే అలలవి. అంతకు ముందు 1994లో జర్మనీ, తైవాన్, జపాన్ బృందాలు విడివిడిగా ప్లాస్మాలో కణాలు స్ఫటికంలా వరసల్లో నిలబడటం చూపించాయి. అవి మైక్రాన్ సైజువి, మన నానో కథకి పక్క వీధి.

దీనివల్ల ఉపయోగం ఏంటి, ఉద్యోగాలు వస్తాయా?

చిప్ తయారీలో ఈ కణాలు శత్రువులు, వాటిని పుట్టనివ్వకుండా చూడటమే ఒక ఉద్యోగం. ఇటువైపు చూస్తే, ప్లాస్మాలో చేసిన సిలికాన్ చుక్కలతో కిటికీ అద్దంలాంటి సోలార్ కాన్సంట్రేటర్లని (వెలుగుని అంచుల్లోని సెల్స్‌కి చేరవేసే పలకలని) 2017లో చూపించారు. బ్యాటరీ ఆనోడ్లకి నానో సిలికాన్ మీద ఆసక్తి బాగా ఉంది. జర్మేనియం, టైటానియం నైట్రైడ్, గాలియం నైట్రైడ్ కణాలూ ఈ దారిలో వస్తున్నాయి.

చదువు సంగతి: ఫిజిక్స్, కెమికల్, మెటీరియల్స్ ఎటునుంచైనా రావొచ్చు. నగరంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ (పొడి లోహాలు, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం), తార్నాకలో ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ సంస్థ) ఉన్నాయి, నానో పదార్థాలు నేర్చుకోవడానికి చోటు కొరవ లేదు. ప్లాస్మా ఫిజిక్సే ప్రాణం అనుకుంటే గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ చూడండి.

టైటన్ మీద కూడా ఇదే జరుగుతుందట, నిజమేనా?

నిజమే. శని ఉపగ్రహం టైటన్ పైవాతావరణంలో, దాదాపు 950 కిలోమీటర్ల ఎత్తున, కాసినీ నౌకకి హైడ్రోజన్ కన్నా పది వేల రెట్లు బరువున్న నెగటివ్ అయాన్లు తగిలాయని 2007లో ప్రకటించారు. నెగటివ్ అయాన్ల కోసం పెట్టిన పరికరం కూడా కాదది, ఎలక్ట్రాన్లు కొలిచేది. నైట్రోజన్, మీథేన్, సూర్యకాంతి, శని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు కలిసి ఆ నారింజ రంగు పొగమంచుని తయారుచేస్తున్నాయి.

ఇంట్లో చేసుకోవచ్చా? సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

ఇంట్లో వద్దు. సైలేన్ గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది, ఎసిటిలీన్ కూడా సాధువేం కాదు, ఆర్‌ఎఫ్ తగిలితే చర్మం లోపలిదాకా కాలుతుంది. ల్యాబ్ ఉన్నవాళ్ళకైతే ఫిట్టింగులు, ఓరింగులు, పైపులు రాణిగంజ్‌లో, ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో. వాక్యూమ్‌కి వాడే ఓరింగ్ విటాన్ రబ్బరుదే కావాలని గట్టిగా అడగండి, నల్లగా ఉన్నదల్లా ఒకటే అని అంటగట్టేస్తారు.

పొడి తీసేటప్పుడు, చాంబర్ కడిగేటప్పుడు ఏం జాగ్రత్తలు?

చాంబర్‌ని గబుక్కున తెరవకండి. సైలేన్ వాడితే ముందు ఆర్గాన్‌తో పలుమార్లు నింపి పంపు చేయాలి, తర్వాత గాలిని అతి మెల్లగా వదలాలి. తాజా సిలికాన్ పొడి గాలి తగిలితే వేడెక్కుతుంది, ఎక్కువ ఉంటే అంటుకోవచ్చు కూడా. గ్లోవ్ బాక్స్ ఉంటే అందులోనే తీయండి, ఎందుకంటే హైడ్రోజన్ పూత ఉన్న కణాలైనా మన వానాకాలపు తేమలో కొన్నాళ్ళకే ఆక్సీకరణం చెంది వెలుగు రంగు మార్చేస్తాయి.

కణాలు కంటికి గోధుమరంగు మసిలా ఉంటాయి, పట్టుకుంటే బరువే ఉండదు, గ్లోవ్‌కి స్టాటిక్‌తో అతుక్కుని దులిపినా పోవు. దులపకూడదు కూడా, లేచినదంతా ఊపిరితిత్తుల్లోకే. ఐసోప్రొపనాల్‌తో తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ పనికిరాదు, అది వెనకనుంచి పొడిని గదంతా వెదజల్లుతుంది. కిటికీ అద్దం మొదట తుడవండి, లేకపోతే తర్వాతి రన్‌లో లేజర్ సిగ్నల్ తగ్గింది కణాలు తక్కువై కాదు, అద్దం మసకై అని తెలియక రోజంతా టెన్షన్ పడతారు.

కార్బన్ పొరలైతే తుడవక్కర్లేదు, ఆక్సిజన్ ప్లాస్మా నడిపితే కాలి వాయువై పోతాయి. కానీ దానికి ముందు పంపులో ఏ ఆయిల్ ఉందో చూడండి. మామూలు మినరల్ ఆయిల్ ఉన్న పంపుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ లాగితే పేలే ప్రమాదం ఉంది, ఫ్లోరిన్ ఉన్న ఆయిలో, ఆయిల్ లేని డ్రై పంపో ఉంటేనే ఆక్సిజన్ వాల్వు ముట్టుకోవాలి.